కత్తుల మిషనుకు పిట్టగోడ



పోయిన వారం హైదరాబాదు నుంచి ఇద్దరు, గల్ఫు నుంచి ఒకరు ఫోన్ చేసి ఇంచుమించు ఒకే మాట అడిగారు. "అయ్యగారూ, ఊళ్లో చెట్టుకొమ్మలు నమిలే మిషను కొన్నారట కదా. ఎంతయింది? ఎలా పనిచేస్తోంది? మా నాన్న దాని దగ్గరికి వెళ్తున్నాడా?" మూడో ప్రశ్నకి జవాబు ముందు చెబుతాం. వెళ్తున్నాడు. అందుకే ఈ వారం ఈ సంగతే రాస్తున్నాం.

ఉద్దానంలో పుట్టినవారికి చెట్టు విలువ మేము చెప్పనక్కర్లేదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఆ పూట కూలిన కొబ్బరి, జీడి, పనస చెట్ల లెక్క మన ఇళ్లలో ఇంకా చెప్పుకుంటూనే ఉన్నాం. కూలకుండా మిగిలిన ముసలి చెట్లకి ఇప్పుడు ఏటా పని ఉంటుంది. ఇంటి కప్పు మీదికి వాలిన కొమ్మలు కొట్టాలి, కరెంటు తీగల్ని తాకేవి తియ్యాలి, జీడితోటల్లో ఎండుకొమ్మలు కత్తిరించాలి. మన యౌవనస్థులు ఐదుగురు ఈ పనినే బతుకుతెరువు చేసుకున్నారు. చెట్టెక్కి కొయ్యడం అరపూట పని. కోసిన దాన్ని అక్కణ్ణించి మాయం చెయ్యడం రెండు పూటల పని. ఇన్నాళ్లూ చేసిందల్లా రోడ్డు పక్కన పోగు వేసి తగలబెట్టడమే. పచ్చి కొమ్మ మండదు, పొగ మాత్రం చాలినంత ఇస్తుంది. ఆ పొగలో ఆయాసపడే అమ్మల కోసం ప్రార్థన చేసి, బయటికొచ్చి ఆ మంటనే దాటుకుంటూ ఇంటికి వెళ్లిన రోజులు ఉన్నాయి.

సరే, మిషను సంగతి. పన్నెండు కుటుంబాలు తలా 15,000 వేసుకుంటే 1,80,000 అయింది. ఆ డబ్బుతో విశాఖపట్నం, బరంపురం, శ్రీకాకుళం మూడు చోట్లా తిరిగాం. కొనాలనుకునే వేరే ఊళ్ల వారికి కూడా పనికొస్తుందని, అక్కడ తెలుసుకున్నది రాస్తున్నాం.

ఈ మిషన్లలో ముఖ్యంగా రెండు రకాలు. ఒకదాంట్లో బరువైన ఇనుప చక్రానికి రెండు నుంచి నాలుగు కత్తులు బిగించి ఉంటాయి, చక్రం తిరుగుతూ కొమ్మని బిళ్లలుగా చెక్కేస్తుంది. రెండోదాంట్లో చక్రం బదులు డ్రమ్ము ఉంటుంది. ఇవి కాక సుత్తులతో చితక్కొట్టే మిషన్లు వేరే ఉన్నాయి. ఆకూ అలమూ ఎక్కువైతే అవి మేలు, లావు కొమ్మ పెడితే మూలుగుతాయి. మనకి ట్రాక్టరు ఉంది కాబట్టి ఇంజను లేని చక్రం మిషను చూసుకున్నాం. ట్రాక్టరు వెనక పి.టి.ఓ. షాఫ్టు నుంచే దానికి శక్తి అందుతుంది. ఇంజను కలిసి ఉన్నవి ఖరీదెక్కువ, పైగా మరమ్మతు చెయ్యాల్సిన ఇంకో ఇంజను నెత్తికెత్తుకున్నట్టే.

కాగితం మీద "6 అంగుళాలు" అని రాసి ఉంటే, రోజంతా 6 అంగుళాల కొమ్మలు మింగుతుందని అనుకోకండి. ఎప్పుడో ఒకటి పడుతుందని దాని అర్థం. ఆగకుండా పని చెయ్యాలంటే నాలుగు అంగుళాలు అనుకుంటే సుఖం. దుకాణం వారు చూపించడానికి సన్న పుల్లలు సిద్ధంగా పెట్టుకుంటారు. మేము ఊళ్లో నుంచే చెయ్యి లావు పచ్చి వేపకొమ్మ, ఒక జీడికొమ్మ, రెండు కొబ్బరిమట్టలు వ్యానులో వేసుకుని వెళ్లాం. వేపకొమ్మని చూసి ఒకాయన ముఖం మారింది. మట్టల్ని చూసి ఇంకొకాయన "ఇవి వద్దండి, నార చుట్టుకుంటుంది" అని నిజం చెప్పేశాడు. ఆయన మీద మాకు గౌరవం పెరిగింది.

బేరం దాదాపు కుదిరిన చోట ఒకటి జరిగింది. 1,65,000కే ఇస్తామన్న మిషను అది. డబ్బు సరిపోతుంది, ఇంకా 15,000 మిగులుతుంది. కుర్రాళ్లకి బాగా నచ్చింది. మాతో వచ్చిన సంఘ పెద్ద ఒకాయన (పేరు రాయొద్దన్నారు) చిన్నప్పుడు గడ్డి కత్తిరించే మిషన్లో కుడిచేతి రెండు వేళ్లు పోగొట్టుకున్నారు. ఆయన మిషను ఆపించి, ట్రాక్టరు తాళం చెవి తీసి తన జేబులో వేసుకుని, చక్రం పూర్తిగా నిలిచేదాకా ఆగారు. తరవాత కొమ్మలు పెట్టే తొట్టి నోట్లోకి చెయ్యి చాపారు. భుజం ఇంకా బయటే ఉంది, మిగిలిన మూడు వేళ్లూ కత్తిని తాకాయి.

"అయ్యగారూ, ఇది వద్దు" అన్నారు.

"అంత లోపలికి ఎవరు చెయ్యి పెడతారండీ, పెద్దాయనా?" అన్నాడు దుకాణం అబ్బాయి. మన పెద్దాయన ఏమీ అనలేదు. ఆ చెయ్యే బయటికి తీసి చూపించారు.

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయం 8వ వచనం ఇంట్లో తెరిచి చూడండి. కొత్త ఇల్లు కట్టేవాడు డాబాకి పిట్టగోడ కట్టి తీరాలన్న ఆజ్ఞ అక్కడుంది. సెమినరీలో చదివేటప్పుడు ఈ వచనం దగ్గర మేము ఎక్కువసేపు ఆగలేదు. పొడవైన తొట్టి ఈ మిషనుకు పిట్టగోడ. జాగ్రత్తగా ఉండేవాడికి గోడెందుకని ఆ ఆజ్ఞ అడగదు. పడేవాడు ఉంటాడని ఒప్పుకుని, కట్టే బాధ్యతను ఇంటివాడి మీద పెడుతుంది.

పొడవు తొట్టి, కొమ్మని లాగే రోలర్లు, తొట్టి చుట్టూ ఒక అడ్డకడ్డీ ఉన్న మిషను ఇంకో చోట ఉంది. ఆ కడ్డీని తోస్తే రోలర్లు ఆగిపోతాయి, వెనక్కి కూడా తిరుగుతాయి. ధర 2,35,000. అంటే 55,000 తక్కువ పడింది. మందిరం కట్టడానికి వచ్చిన కానుకల్లోంచి తీసి తరవాత సర్దుదామని కొందరన్నారు. మేము ఒప్పుకోలేదు. గోడలకిచ్చిన డబ్బు గోడలకే. సబ్సిడీకి ఆగమన్నవారూ ఉన్నారు. ఆమోదం పొందిన జాబితాలో ఉన్న మోడలుకే అది వస్తుంది, మేము చూసింది అందులో లేదు. చివరికి నాలుగు నెలలు ఆగి, కొబ్బరి డబ్బు వచ్చాక ఒక్కో కుటుంబం ఇంకో 5,000 వేసింది. ఆ నాలుగు నెలలూ కుర్రాళ్లు మాతో సరిగ్గా మాట్లాడలేదు. ఫరవాలేదు, పదేసి వేళ్లతో అలిగారు.

మొత్తం 2,40,000లో మిషను పోగా మిగిలిన 5,000 అదనపు కత్తుల జత కోసం దాచాం. ఎందుకంటే, కొనడం ఒక్కరోజు పని, కత్తులు చూసుకోవడం ఏడాది పొడవునా ఉండే పని. కత్తికి పదునుంటే కొమ్మ తనంతట తానే లోపలికి వెళ్తుంది, బయటికి శుభ్రమైన బిళ్లలు పడతాయి. పదును పోతే పీచు, పొడి వస్తాయి, ట్రాక్టరు ఏడుస్తుంది, కుర్రాడు కొమ్మని బలంగా తొయ్యడం మొదలుపెడతాడు. ఆ తొయ్యడంలోనే ప్రమాదం. ప్రసంగి 10వ అధ్యాయంలో 9, 10 వచనాలు పక్కపక్కనే ఎందుకున్నాయో మాకు మిషను కొన్నాకే తెలిసింది. ఒకటి కట్టెలు చీల్చేవాడి అపాయం గురించి, రెండోది మొద్దుబారిన ఇనుము గురించి.

కత్తుల్ని జతగానే సానపట్టించాలి. ఒకదాన్ని ఎక్కువ అరగదీస్తే బరువు తేడా వచ్చి చక్రం అదురుతుంది, ఆ అదురుకి బేరింగులు పోతాయి. లేత్ షాపులో తొందరపడి గట్టిగా రుద్దితే అంచు నీలం రంగుకి తిరుగుతుంది. నీలం తిరిగిందంటే ఉక్కు చేవ పోయినట్టే. మాటిమాటికీ నీళ్లు పోస్తూ నెమ్మదిగా పట్టమనండి, పక్కనే నిలబడండి. సానపట్టాక కత్తికీ, కింద కదలకుండా ఉండే ఎదురు కత్తికీ మధ్య సందు మాన్యువల్లో చెప్పినట్టు మళ్లీ సరిచెయ్యాలి. ఈ సంగతి చాలామంది మరిచిపోతారు. కత్తి బోల్టులు పాతబడితే కొత్తవే వెయ్యాలి, అవీ ఆ మిషనుకు చెప్పిన రకమే, సైకిలు షాపులో దొరికినవి కాదు. బేరింగులకి గ్రీజు, బెల్టు బిగువు పని మొదలుపెట్టే ముందే చూసుకోవాలి. పనస పాలు, జీడి జిగురు అంటుకుంటే అదే సాయంత్రం డీజిలు గుడ్డతో తుడవాలి. తెల్లారితే రాయిలా బిగుస్తుంది.

కత్తికి మన ఊరి అసలు శత్రువు ఇసుక. నేల మీద ఈడ్చుకొచ్చిన కొమ్మ ఒక్కటి చాలు, పొద్దుటి పదును మధ్యాహ్నానికి పోతుంది. కొమ్మని ఎత్తి తేవాలి, లేదా దులిపి పెట్టాలి. రెండో శత్రువు మేకు. ఎన్నికలకి చెట్లకి ఫ్లెక్సీలు కొట్టి, అయిపోయాక బట్ట తీసుకుని మేకు వదిలేసే పార్టీల వారి గురించి ఇక్కడ ఏమీ రాయకుండా మేము ఓర్చుకుంటున్నాం. కొబ్బరి మాను ఇందులో పెట్టం, దాన్ని కోత మిల్లుకే పంపుతాం. మట్టలు మాత్రం పెడతాం. వరసగా మట్టలే పెడితే ఆకుల నార చుట్టుకుంటుంది, మధ్యమధ్య ఒక గట్టి కొమ్మ పెడితే అది నారని తోసుకుపోతుంది.

ఇక మన బిడ్డలు భయపడుతున్న సంగతి. పి.టి.ఓ. షాఫ్టు నిమిషానికి 540 చుట్లు, అంటే సెకనుకు 9 చుట్లు తిరుగుతుంది. లుంగీ అంచు దానికి చుట్టుకుంటే "అయ్యో" అనేలోగా అంతా అయిపోతుంది. అందుకని షాఫ్టు మీద ప్లాస్టిక్ తొడుగు లేకుండా ట్రాక్టరు స్టార్టు చెయ్యనివ్వం. లుంగీ, భుజం మీద తువ్వాలు, చేతికి దారాలు, గడియారం, వదులు గ్లౌజులు ఏవీ ఉండకూడదు. ప్యాంటు లేనివారు ఆ రోజు బిళ్లలు ఎత్తే పని చేస్తారు. కొమ్మని మొదలు వైపు నుంచి పెట్టాలి, పెట్టగానే పక్కకి తప్పుకోవాలి. పక్కకొమ్మలు తొట్టిలోకి వెళ్తూ కొరడాలా కొడతాయి. పొట్టి పుల్లల్ని చేత్తో తొయ్యకూడదు, కాలితో అసలే వద్దు, పొడవు కొమ్మని వెనకపెట్టి దాంతో తొయ్యాలి. ఇరుక్కుంటే ట్రాక్టరు ఆపి, తాళం చెవి జేబులో వేసుకోవాలి. ఆపాక కూడా చక్రం తన బరువుకి చాలాసేపు తిరుగుతూనే ఉంటుంది. చప్పుడు లేదు కదా అని మూత తెరిచినవారే చెయ్యి పోగొట్టుకుంటారు. ఆ తాళం చెవి ఎప్పుడూ మన పెద్దాయన దగ్గరే ఉంటుంది. ఆయన లేని రోజు మిషను లేదు.

పక్క ఊళ్ల వారు అద్దెకి అడుగుతున్నారు. మనవాళ్లు వెంట వెళ్లి పనిచేసి వస్తారు గానీ మిషను ఒక్కదాన్నీ ఎరువు ఇవ్వం. రెండవ రాజులు 6వ అధ్యాయంలో ఎరువు తెచ్చిన గొడ్డలి నీళ్లలో పడినప్పుడు ఆ మనిషి ఎంత కంగారు పడ్డాడో మీకు తెలుసు.

బిళ్లల్ని కొబ్బరి పాదుల్లో పలచగా పరుస్తున్నాం, వేసవిలో తడి నిలుస్తోంది. మొదలుకి ఆనించకుండా జానెడు వదలండి. మట్టిలో కలిపి దున్నకండి, పచ్చి చెక్క కుళ్లుతూ నేలలోని నత్రజనిని లాగేసుకుంటుంది. పోగు పెట్టి మరిచిపోవడం అన్నిటికంటే చెడ్డ పని. కుళ్లిన పోగులోనే కొమ్ము పురుగు గుడ్లు పెట్టి పెరుగుతుంది, అక్కణ్ణించి మళ్లీ మన కొబ్బరి మొవ్వుల్లోకే వస్తుంది.

విశాఖలో ఉన్న పిల్లలు పండక్కి వచ్చేటప్పుడు చెవులకి పెట్టుకునే రక్షణ కప్పులు మూడు జతలు, కళ్లద్దాలు మూడు తెచ్చి పెట్టండి. ఇక్కడ దొరికినవి నాసిగా ఉన్నాయి. వచ్చే మంగళవారం మిషను పడమటి వీధికి వస్తుంది. కొమ్మలు గేటు బయట, మొదళ్లన్నీ రోడ్డు వైపు ఉండేలా, కింద పాత గోనె పరిచి దాని మీద పేర్చి ఉంచండి.