నాయన బండిలో గొట్టాలు

మా కోలారు ఇంట్లో నాయన కొన్న టర్బో డీజిల్ బండి ఇంకా ఉండాది. పదహైదేళ్లు ఎప్పుడో దాటింది, ఐదేళ్లకొకసారి మళ్లీ రిజిస్ట్రేషన్ చేయిస్తున్నాము. బానెట్ ఎత్తితే ఇంజన్ కంటే గొట్టాలే ముందు కనపడతాయి. ఎండి పగిలినవి, ముక్కకు ముక్క అతికినవి, ఏ పనీ లేక వేలాడేవి. ఈసారి అన్నదమ్ములం వాటిని తగ్గించాలని పూనుకున్నాము.

"సగం తీసి బోల్టు బిగించేద్దాం సార్" అన్నాడు మెకానిక్. మేము ఒప్పలేదు. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసేవాళ్లం, ఏది ఎందుకుండాదో తెలియనిది చెరపము. ఒక ఆదివారమంతా ఒక్కో గొట్టానికి చీటీ కట్టాము. చదివింది కన్నడ మీడియం కాబట్టి చీటీలో మాట తెలుగు, అక్షరం కన్నడం: "బ్రేకుది", "నూనె వచ్చేది", "నూనె దిగేది". మా ఇంటి పాత లెక్కల పుస్తకాలూ అట్లనే ఉంటాయి.

డీజిల్ ఇంజన్‌లో బ్రేకు బూస్టరుకు కావలసిన వాక్యూం దానంతట రాదు, వేరే పంపు ఉంటుంది. ఆ గొట్టానికి మందం గోడది కొత్తది వేశాము. మామూలుదైతే లోపలికి నలుగుతుంది. పలమనేరు దాటి మొగిలి ఘాటు దిగి చిత్తూరు మేనమామ ఇంటికి పోయేవాళ్లం, అక్కడ బ్రేకుతో ఆటలు లేవు.

టర్బో పక్కన వేస్ట్‌గేట్ డబ్బాకు పోయే సన్న గొట్టం ఇంకా మోసకారి. అది ఊడితే వేస్ట్‌గేట్ తెరుచుకోదు, బూస్ట్ హద్దు దాటుతుంది. బండి బాగా లాగుతోందని సంతోషపడతాము కూడా! టర్బో ఇరుసు నిమిషానికి లక్ష చుట్లకు పైగా తిరుగుతుంది. దానికి నూనె ఒత్తిడితో వస్తుంది, తిరిగి పోయేది తన బరువుతోనే. అందుకే ఆ గొట్టం లావుగా, పల్లానికే ఉండాలి. అందం కోసం వంచితే నూనె నిలిచి సీలు దాటుతుంది. నీలం రంగు సిలికాన్ గొట్టాలు నీళ్లకు, గాలికి సరే. నూనెకు, డీజిల్‌కు మామూలు సిలికాన్ పనికిరాదు.

ఇజిఆర్ తీసేయమని చాలామంది చెప్పారు. తీయలేదు. నైట్రోజన్ ఆక్సైడులు తగ్గించేది అదే, మా వీధి గాలి పీల్చేది మా పిల్లలే.

పూర్తిగా తీసింది చివరికి రెండే: ఊడిపోయిన ఎయిర్ హార్న్‌ది, చెడిన బూస్ట్ మీటరుది. మిగతా అతుకులన్నీ పోయి ఒకే పొడుగు గొట్టాలు వచ్చాయి. నాయన వంగి చూసి, "ఇంతేనా తీసింది?" అన్నాడు. హార్న్ గొట్టాన్ని మాత్రం చుట్టి అటక మీద పెట్టుకున్నాడు.