తల్లి భాషలో దేవుని వాక్యం



మన ఉజ్జీవ కూటాల్లో 1904 నాటి వేల్సు ఉజ్జీవం మాట రాకుండా ఉండదు. బొగ్గుగనిలో పనిచేసిన ఇవాన్ రాబర్ట్స్ పేరు మన యౌవనస్థులకూ తెలుసు. అయితే ఆ కూటాల్లో జనం ఏ భాషలో ఏడ్చి ప్రార్థించారో ఎప్పుడైనా ఆలోచించామా? చాలావరకు వెల్ష్ భాషలో. అది కెల్టిక్ కుటుంబంలోని భాష. ఐర్లండు ఐరిష్‌కు, స్కాట్లండు గేలిక్‌కు చుట్టం.

ఆ భాష బ్రతికి ఉండటమే ఒక సాక్ష్యం. 1536లో వచ్చిన చట్టం వేల్సు న్యాయస్థానాల్లో ఇంగ్లీషే వాడాలంది. 1563లో పార్లమెంటు బైబిలును వెల్ష్‌లోకి తర్జుమా చేయమంది గాని, పక్కనే ఇంగ్లీషు బైబిలు కూడా ఉంచమంది. రెండూ పోల్చి చూసి జనం ఇంగ్లీషు నేర్చుకోవాలని దాని ఉద్దేశం. మనుష్యులు ఒకటి తలిస్తే దేవుడు మరొకటి జరిగించాడు. 1567లో క్రొత్త నిబంధన, 1588లో పూర్తి బైబిలు వచ్చాయి. ఆ పూర్తి బైబిలును సిద్ధపరచిన విలియం మోర్గాన్ అప్పటికి ఒక పల్లెటూరి సంఘకాపరి. ఇంగ్లీషు నేర్పడానికని తెచ్చిన గ్రంథమే వెల్ష్‌ను నిలబెట్టింది.

తరువాత గ్రిఫిత్ జోన్స్ అనే మరో గ్రామ కాపరి సంచార పాఠశాలలు పెట్టాడు. పొలం పనులు తక్కువగా ఉండే చలికాలంలో, ఒక్కో ఊరిలో సుమారు మూడు నెలలు, పిల్లలకూ పెద్దలకూ వెల్ష్ బైబిలు చదవడం నేర్పించేవారు. 1761లో ఆయన చనిపోయేనాటికి లక్షమందికి పైగా చదవడం నేర్చుకున్నారు. 1800లో మేరీ జోన్స్ అనే పదిహేనేళ్ల పేద పిల్ల వెల్ష్ బైబిలు కొనుక్కోవడానికి దాదాపు 40 కిలోమీటర్లు నడిచింది.

19వ శతాబ్దంలో కొన్ని బడుల్లో వెల్ష్ మాట్లాడిన బిడ్డ మెడలో చెక్కముక్క వేలాడదీసేవారు. సాయంత్రానికి అది ఎవరి మెడలో ఉంటే వారికి దెబ్బలు. బడిలో దెబ్బలు తిన్న భాషే ఆదివారం బడిలో వాక్యమై, గుడిలో పాటై నిలిచింది. 2021 జనాభా లెక్కల్లో 5 లక్షల 38 వేలమంది వెల్ష్ వచ్చని చెప్పారు.

ప్రియులారా, మన పిల్లల సంగతేమిటి? వారు తెలుగు పాటలు చక్కగా పాడుతున్నారు. కాని బైబిలు తెరిచి చదవమంటే చాలామంది తలదించుకుంటున్నారు. పాటలు కూడా ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుంటున్నారు. ఇంగ్లీషు చదువు వద్దని మేము అనడం లేదు. అది వారికి కూడు పెడుతుంది. అయితే కష్టకాలంలో నాయనమ్మ బైబిలు చేతికొస్తే, అది వారికి మూసిన గ్రంథంగా ఉండకూడదు కదా?

పెంతెకొస్తు దినాన ఆత్మ దేవుడు ఎవరి భాషలో వారికే వినిపించాడు. ఈ వారం నుండి కుటుంబ ప్రార్థనలో బిడ్డచేత రోజుకు రెండు వచనాలు తెలుగులో చదివిద్దాం. తడబడినా ఓపిక పడదాం.

ప్రభువు మన పిల్లల నోట తన వాక్యమును నిలుపును గాక. ఆమేన్.