ఒక ముక్క, రెండు పేర్లు

మా కనిగిరి వైపు మోకాళ్ళు పట్టేసినా, పళ్ళు గారపట్టినా నేరం నీళ్ళదే. ఆ నేరం ఊరికే మోపింది కాదు లెండి. నెల్లూరు జిల్లా పల్లెల్లో ఫ్లోరైడ్ నీళ్ళు ఎముకలను ఎలా బిగదీస్తున్నాయో 1937లోనే వైద్యులు రాసిపెట్టారు. అప్పట్లో కనిగిరి ఆ జిల్లాలోదే. అందుకే మా పెదనాన్న మూత్రపిండంలో గడ్డ ఉందనగానే ఇంటిల్లిపాదీ బోరింగు వంక చూశారు.

గడ్డ తీసేశారు. అది ఏ గడ్డో తేలాలి. మూత్రపిండానికి వచ్చే కాన్సరు ఒకటే అనుకుంటాం గాని, అందులో రకాలున్నాయి. నూటికి దాదాపు 70 క్లియర్ సెల్ రకం. తరవాత పాపిల్లరీ, ఆ తరవాత క్రోమోఫోబ్. ఆంకోసైటోమా అని ఇంకొకటుంది. అది కాన్సరే కాదు, నిరపాయమైన గడ్డ. చిక్కేమిటంటే, సూక్ష్మదర్శినిలో అదీ క్రోమోఫోబూ ఒక్కోసారి కవలపిల్లల్లా కనిపిస్తాయి.

పెదనాన్న చీటీలో మొదట, ఈ రెంటిలో ఏదో ఒకటని రాసి వచ్చింది. ఆయన అప్పటికే వైద్యానికని 3 ఎకరాల మెట్ట బేరం పెట్టి ఉన్నాడు. “ఒకడు చుట్టం, ఒకడు దొంగ. ఇంట్లో దూరింది ఎవడో చెప్పకపోతే ఎట్టా అబ్బయా?” అన్నాడు నాతో.

ముక్కను మళ్ళీ పరీక్షకు హైదరాబాదు పంపారు. ఎద్దును కొనేవాడు ఒంటి రంగు చూసి ఊరుకోడు, నోరు తెరిచి పళ్ళు చూస్తాడు. ఈ పరీక్షా అలాంటిదే. ముక్కను పలచటి పొరలుగా కోసి, ఫలానా మాంసకృత్తునే వెతికి పట్టుకునే యాంటీబాడీని దాని మీద వేస్తారు. ఆ మాంసకృత్తు ఉన్నచోట సాధారణంగా గోధుమరంగు తేలుతుంది. సి.ఎ.9 అనేది కణం అంచు చుట్టూ గిరి గీసినట్టు తేలితే క్లియర్ సెల్ వైపు మొగ్గు. సైటోకెరాటిన్ 7, ఎ.ఎం.ఎ.సి.ఆర్. రెండూ బాగా తేలితే పాపిల్లరీ వైపు. సి.డి.117 మాత్రం క్రోమోఫోబ్‌లోనూ, ఆంకోసైటోమాలోనూ కూడా తేలుతుంది. అక్కడ తగవు తీర్చేది ఎక్కువగా సైటోకెరాటిన్ 7. క్రోమోఫోబ్‌లో అది చేనంతా పరుచుకున్నట్టుంటుంది; ఆంకోసైటోమాలో అక్కడొక కణం, ఇక్కడొక కణం. ఏ ఒక్క గుర్తూ ఒంటరిగా సాక్ష్యానికి చాలదు. కణాల తీరుతో కలిపి చూడాలి.

పెదనాన్న ముక్కలో అక్కడొకటి, ఇక్కడొకటే! ఆంకోసైటోమా అని రెండో చీటీ తేల్చింది. పొలం బేరం ఆ పూటే రద్దయింది.

మీ ఇంటికీ ఎప్పుడైనా “ఇదిగాని, అదిగాని” అనే చీటీ రావచ్చు. బెంబేలు పడకండి, కాన్సరే కాదని ధీమాగానూ ఉండకండి. ఈ మాంసకృత్తుల పరీక్ష చేశారా అని డాక్టరుగారిని అడగండి. రోగానికి సరైన పేరు తెలిస్తేనే గదా, దేనికి భయపడాలో, దేనికి అక్కర్లేదో తెలిసేది!