తాబేలుకి అరటిపండు

పోయిన మే నెలలో ఓ సాయంత్రం స్టేటస్ కాల్‌లో ఉండగా కాగజ్‌నగర్ నుంచి మేనల్లుడి ఫోను. రెండుసార్లు కట్ చేశాను. మూడోసారి ఎత్తితే ఒకటే ప్రశ్న: "మామా, తాబేలు ఏం తింటది?"

సాఫ్టువేర్ ఇంజనీరుకి అన్నీ తెలుస్తాయని మా ఇంట్లో గట్టి నమ్మకం. ప్రింటర్ పనిచేయకపోయినా నాకే ఫోను, పక్కింటోళ్ళ ఆధార్‌లో పేరు తప్పు పడినా నాకే ఫోను. ఇప్పుడు తాబేలు. సంగతేంటంటే, వాడి దోస్తు వాళ్ళు ఊరు మారుతూ తమ తాబేలుని వీడికిచ్చి పోయారట. ఆ ఎండలకి అది మూడు రోజుల్నుంచి ముద్ద ముట్టట్లేదు.

"ఏం పెడుతున్నారురా?" అంటే పెద్ద లిస్టే చదివాడు. అన్నం, పెరుగన్నం, బిస్కెట్లు, టమాట, పాలకూర. "ఏదీ తింటలేదు మామా, గొక్క అరటిపండు మాత్రం మంచిగ తింటది." వెనకనుంచి అవ్వ అందుకుంది: "తిననియ్యిరా, నోరులేని జీవం."

ఫోటో పంపమన్నాను. నల్లటి చిప్ప మీద పసుపు గీతలు నక్షత్రాల్లా ఉన్నాయి. నక్షత్ర తాబేలు. ఆ రాత్రి కూర్చుని చదివాను. బగ్గు దొరికేదాకా నిద్రపట్టని రోగం కదా మనది!

నా మట్టుకు నాకు తెలిసొచ్చిన మొదటి విషయం, ఈ గొడవలో సగం మన భాషది. నీళ్ళల్లో ఉండేదాన్నీ తాబేలే అంటాం, నేలమీద తిరిగేదాన్నీ తాబేలే అంటాం. మన బావుల్లో, చెరువుల్లో ఉండేది నత్తలు, పురుగులు, కప్పలు, నాచు, ఏది దొరికినా తింటుంది. నక్షత్ర తాబేలు అట్లా కాదు, అది మేకకి చుట్టం. గడ్డి, ఆకులు, పూలు మేస్తుంది. పీచు ఎక్కువ, మాంసకృత్తులు తక్కువ ఉండే తిండికి అలవాటుపడ్డ పొట్ట దానిది. అందులో ఉండే సూక్ష్మజీవులు ఆ పీచుని నెమ్మదిగా పులియబెట్టి అరిగిస్తాయి. అరటిపండులోని చక్కెర వాటి లెక్క తప్పిస్తుంది, విరేచనాలు పట్టుకుంటాయి. అన్నం, బిస్కెట్లు అసలు దాని తిండే కాదు.

పాలకూర ఆరోగ్యమే కదా అంటారా? నేనూ అదే అనుకున్నాను. అందులో ఆక్సాలిక్ ఆమ్లం ఎక్కువ, అది కాల్షియాన్ని పట్టేసుకుంటుంది. చిప్ప అంటే ఎముకే కాబట్టి కాల్షియం లేకపోతే చిప్పే మెత్తబడుతుంది. తోటకూరదీ ఇంచుమించు అదే కథ. ఎప్పుడన్నా ఓ ఆకు పర్లేదు గానీ రోజూ అదే పెట్టకూడదు.

మరేం పెట్టాలి? ఇక్కడే నాకు నవ్వొచ్చింది. మంచి తిండంతా మా పెరట్లోనే ఉంది. గరిక. మందారం ఆకులు, పూలు. కంచె పక్కన నాగజెముడు, ముళ్ళు తీసేసి. గడ్డి రోజువారీ భోజనం, పూలు అప్పుడప్పుడూ. పండంటారా, పండగపూట ఓ గోరంత ముక్క, అదీ పెట్టకపోతే దానికొచ్చే నష్టమేమీ లేదు.

ఇంకో సంగతి. ఎండలు ముదిరితే నక్షత్ర తాబేలు సహజంగానే కదలడం, తినడం తగ్గించి నీడన పడుంటుంది, వానలు పడితే మళ్ళీ మేతకి బయల్దేరుతుంది. కాగజ్‌నగర్ మే నెల ఎండ గురించి వేరే చెప్పాలా? పాపం అది నీడ చూసుకుని ముడుచుకుంటే, మనవాళ్ళు 'రుచి నచ్చలేదేమో' అని అరటిపండు మొదలుపెట్టారు. వద్దన్న పొట్టకి బతిమాలి మరీ పెట్టాం.

ఇదంతా ఎక్సెల్ షీట్‌లో రాసి పంపాను (అవును, తాబేలుకి మెనూ. నవ్వుకోండి). వాడేమో గడ్డి కోసి పెట్టాడు, అవ్వేమో చాటుగా అరటిపండు పెట్టింది. నాలుగో రోజుకి కళ్ళు ఉబ్బాయి. పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే ఆయన చూసి, నిజాయితీగా చెప్పాడు: "బర్లు, మేకలంటే నాకెరుక. గిది ఫారెస్టోళ్ళకు చెప్పాలె, ఇంట్ల పెట్టుకునుడు నేరం."

నిజమే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దీన్ని ఇంట్లో పెంచకూడదు. అంగట్లో పెంపుడు జంతువుగా దీనికి మహా గిరాకీ, అందుకే దొంగరవాణా కూడా ఎక్కువ. 2019లో సైటిస్ ఒప్పందం దీన్ని మొదటి అనుబంధంలో చేర్చి అంతర్జాతీయ వ్యాపారాన్ని ఆపేసింది. శ్రీకాకుళం దగ్గర శ్రీకూర్మంలో విష్ణువుని కూర్మావతారంలో కొలుస్తారు, గుడి ఆవరణలో ఇవే నక్షత్ర తాబేళ్ళుంటాయి, భక్తులు ఆకుకూరలు పెడతారు. మనకి భక్తికి లోటు లేదు. దానికేం పడుతుందో అడిగే ఓపికే లేదు.

అప్పగించేరోజు వాడు ఏడ్చాడు. "నేను మంచిగ చూసుకోలేదా మామా?" అని. చూసుకున్నావురా, నీకిష్టమైనట్టు చూసుకున్నావు, అనాలనిపించింది. అనలేదు. గడ్డి నువ్వే కోసిచ్చావుగా అన్నాను.

ఆ రాత్రే ఇంకోటి తట్టింది. బాపుకి షుగరు. పేపర్ మిల్లులో చేసి, 2014లో మిల్లు మూతబడ్డప్పుడు ఇంట్లో కూలబడ్డ మనిషి. 2018లో మిల్లు మళ్ళీ తెరుచుకుంది గానీ బాపు వెనక్కి పోలేదు. నేను వెళ్ళిన ప్రతిసారీ కిలో స్వీట్లు పట్టుకెళ్తాను, "ఒక్కటికేం కాదు బాపూ" అంటాను. ఆయన తింటాడు, కొడుకు తెచ్చాడు కదా మరి.

అరటిపండు పెట్టిన అవ్వకి లెక్చరిచ్చిన పెద్దమనిషిని నేనే. ఈసారి దసరాకి స్వీట్ డబ్బా లేకుండా వెళ్ళాను. బాపు ఒక్క మాట అన్నాడు: "ఏమన్న తెచ్చినవా?" పొద్దున్నే కలిసి నడుద్దాం బాపూ, అందుకని వారం సెలవు తెచ్చుకున్నా, అన్నాను. ఏమీ అనలేదు. మర్నాడు నాకన్నా ముందే చెప్పులేసుకుని గేటు దగ్గర నిలబడ్డాడు.

తాబేలు సంగతంటారా, ఫారెస్టువాళ్ళకి ఇచ్చాక ఇంక మన చేతుల్లో లేదు. వాడు మాత్రం ఇప్పటికీ పెరట్లో గరిక పీకనివ్వడట.