రేడియోలో చూసిన భద్రాచలం

రాజోలు తాలూకాలో మా ఊరికి ఒకపక్క వశిష్ఠ, ఇంకోపక్క వైనతేయ, కిందికి పోతే సముద్రం. ఎటు కదలాలన్నా రేవు దాటాల్సిందే కాబట్టి ప్రయాణం అనే మాట మా ఇంట్లో తేలిగ్గా వచ్చేది కాదు. పెళ్ళికో పురిటికో, మరీ ప్రాణం మీదికొస్తే కాకినాడ పెద్దాసుపత్రికో తప్ప పెద్దవాళ్ళెవరూ పొలిమేర దాటేవారు కాదు. కొబ్బరి దింపులు, కోతలు, పశువుల మేత, వేసవిలో ఆవకాయ, శ్రావణంలో నోములు, వీటి మధ్యే ఏడాది తిరిగిపోయేది.

దింపు తీసిన రోజున పెరడంతా పచ్చి పీచు వాసన. నేలలో పాతిన ఇనప మొన మీద కాయ గుచ్చి కూలీలు డొక్క ఒలుస్తుంటే, మేం పిల్లలం ఆ డొక్కలన్నీ ఏరి వంటింటి వెనక పోగేసేవాళ్ళం. మధ్యాహ్నం భోజనాలయ్యాక మామ్మా, దొడ్డమ్మా, అమ్మా చావిట్లో చతికిలబడి కొబ్బరాకులు చీరి, ఈనెలు తీసి చీపుళ్ళు కట్టేవారు. ఆ చీపుళ్ళు అమ్మిన డబ్బులు మామ్మ కుంకంభరిణె పక్కన ఇత్తడి డబ్బాలో వేసుకునేది. ఎందుకు మామ్మా అంటే, "ఉంటాయిలే, ఎందుకో ఒకందుకు" అనేది. ఆ పనులన్నిటికీ తోడు రేడియో.

రేడియో పెదనాన్న కొన్నది. పెద్ద మర్ఫీ. చావిట్లో గోడకి కొట్టిన బల్ల మీద, పిన్ని అల్లిన క్రోషా గుడ్డ కప్పుకుని ఉండేది. మీట తిప్పగానే పలికే వస్తువు కాదది. లోపల వాల్వులు వేడెక్కాలి. ముందు అద్దం వెనక పసుపుపచ్చటి దీపం వెలిగేది, కాసేపటికి సన్నటి రొద మొదలయ్యేది, తర్వాత వెచ్చబడిన దుమ్ము వాసన వచ్చేది, అప్పుడు గానీ గొంతు వినపడేది కాదు. ఈ దూలం నించి ఆ దూలానికి కట్టిన రాగి జాలీ ఏరియల్ మీద పిచ్చుకలు వాలితే బరబరమనేది, పెదనాన్న భుజమ్మీది తువ్వాలు విదిలించి వాటిని తోలేవారు. ఏటేటా పోస్టాఫీసుకి వెళ్ళి లైసెన్సు కట్టి, ఆ పుస్తకాన్ని పొలం దస్తావేజులతో పాటు ట్రంకుపెట్టెలో దాచేవారు.

తెల్లారగట్ల విజయవాడ స్టేషను భక్తిరంజనితో మా ఇల్లు లేచేది. బాలాంత్రపు రజనీకాంతరావు గారు మొదలుపెట్టిన కార్యక్రమం అదని నాకు చాలాకాలం తర్వాత తెలిసింది; అప్పట్లో అది పాలు పితికే వేళకీ కళ్ళాపి చల్లే వేళకీ తనంతట తానే వస్తుందనుకునేవాణ్ణి. ధనుర్మాసంలో శ్రీరంగం గోపాలరత్నం గారి తిరుప్పావై వస్తుంటే అమ్మ గొబ్బెమ్మల్లో గుమ్మడిపూలు గుచ్చేది. బాలమురళీకృష్ణ గారి గొంతు వినపడగానే మామ్మ ఏ పనిలో ఉన్నా సరే, "మన శంకరగుప్తం కుర్రాడే" అనేది. ఆయన 1930లో పుట్టిన శంకరగుప్తం మా తాలూకాయే మరి. దేశమంతా మెచ్చిన విద్వాంసుణ్ణి కుర్రాడు అనగలిగే హక్కు మామ్మకి ఎవరిచ్చారని మేమెప్పుడూ అడగలేదు. ఆయన పాడిన రామదాసు కీర్తనలు మా ఇంట్లో చదువురాని వాళ్ళకి కూడా నోటికొచ్చాయంటే అది రేడియో చలవే.

ఏడూ ఐదుకి ఢిల్లీ నించి తెలుగు వార్తలు. అద్దంకి మన్నార్ గారో, మామిళ్ళపల్లి రాజ్యలక్ష్మి గారో పేరు చెప్పుకోగానే పెదనాన్న కాఫీగ్లాసు కింద పెట్టేవారు, ఇక ఎవరూ నోరెత్తకూడదు. 1974 ఫిబ్రవరిలో ఘంటసాల గారు పోయారన్న కబురు కూడా ఆ రేడియోలోనే విన్నాం. అన్నం కలుపుకుంటున్న పెదనాన్న చెయ్యి కడిగేసుకుని అరుగు మీదికి వెళ్ళి కూచున్నారు. ఆ రోజు రేడియో ఎవరూ కట్టెయ్యలేదు.

సినిమా పాటలకైతే చిన్నత్తయ్యే మాకు పెద్ద. పెళ్ళికెదిగిన పిల్ల, అందరికంటే ఆఖరిది, తాతయ్య పోయాక పెదనాన్న చేతుల్లో పెరిగింది. సిలోను స్టేషన్లో మీనాక్షీ పొన్నుదురై గారు తెలుగు పాటలు వేసే వేళకి అత్తయ్య పెన్సిలూ నోటుబుక్కూ పట్టుకుని రేడియోకి చెవి ఆనించేది. పొన్నుదురై గారి తెలుగులోని ఆ కొత్త యాసంటే అత్తయ్యకి ఎంతిష్టమో. అయితే సిలోను షార్టువేవు మీద వచ్చేది, పాట సముద్రపు పోటూపాటుల్లా దగ్గరికొచ్చినట్టే వచ్చి దూరమయ్యేది. సుశీల గారు సరిగ్గా చరణంలోకి వెళ్ళేసరికి ఒక మాట గాలిలో కలిసిపోయేది. వినపడని మాట దగ్గర అత్తయ్య ఒక గీత గీసి వదిలేది. మళ్ళీ ఆ పాట ఏ వారమో, ఏ నెలకో వచ్చినప్పుడు గీత మీద ఆ మాట రాసుకునేది. కొన్ని గీతలు ఏళ్ళ తరబడి అలాగే ఉండిపోయాయి. ఒకటి రెండు చోట్ల మాత్రం ఆగలేక తనకి తోచిన మాటే పెట్టేసుకుని పాడుకునేది. పుస్తకం అట్ట మీద "ఎవరూ ముట్టుకోకూడదు" అని రాసుంటే, దాని కింద మా అన్నయ్య "నేను ముట్టుకున్నాను" అని రాసి తిట్లు తిన్నాడు.

ఇక శ్రీరామనవమి. ఆ రోజు మా చావిట్లో కాలు పెట్టే చోటుండేది కాదు. రేడియో పక్కనే సీతారాముల పటం పెట్టి, మావిడాకులు కట్టి, గంగాళంలో మిరియాలూ యాలకులూ దంచి వేసిన పానకం, పళ్ళెంలో వడపప్పు సిద్ధం చేసేవారు. భద్రాచలం నించి కల్యాణం వ్యాఖ్యానం మొదలయ్యేది. ఉషశ్రీ గారి గొంతు! ధర్మసందేహాలు చెప్పేటప్పుడు గద్దించినట్టుండే ఆ గొంతే, ఆ రోజున పెళ్ళిపెద్దదై పోయేది. స్వామి ఎడమ తొడ మీద అమ్మవారు కూచున్న తీరు, ప్రభుత్వం తరఫున వచ్చిన ముత్యాల తలంబ్రాలు, గోల్కొండ చెరలో మగ్గిన కంచర్ల గోపన్న చేయించిన చింతాకు పతకం, ఒక్కొక్కటే చెబుతుంటే మేం కళ్ళు మూసుకుని చూసేవాళ్ళం. మంగళసూత్రధారణ వేళకి వీధిలో ఆడవాళ్ళంతా లేచి నిలబడి పటం మీద అక్షింతలు వేసేవారు. రేడియో మీదా పడేవి. కొన్ని వెనక కన్నాల్లోంచి లోపలికి కూడా పోయాయని, మెకానిక్కు విప్పినప్పుడు బయటపడింది.

కల్యాణం అయ్యాక మామ్మ ప్రశ్నలు మొదలయ్యేవి. గోదారి గుడికి ఎంత దూరంలో ఉంటుందిరా? మెట్లు నిటారుగా ఉంటాయా? స్వామి నల్లగా ఉంటాడా? పెదనాన్న ఏ ఒక్కదానికీ జవాబు చెప్పలేక, చివరికి ఒక ఏడు పంట బాగా చేతికొచ్చాక, "ముక్కోటికి వెడదాం అమ్మా" అన్నారు. మామ్మ లేచి వెళ్ళి ఇత్తడి డబ్బా తెచ్చి ఆయన ముందు బోర్లించింది. ఆ చీపుళ్ళ డబ్బులు ఎందుకో అప్పటికి తెలిసింది.

అందాల రాముడు సినిమా వచ్చి వెళ్ళిన రోజులవి. బాపు, రమణలు లాంచీలో రాజమండ్రి నించి భద్రాచలం దాకా జనాన్ని తీసికెళ్ళిన ఆ సినిమా చూసినప్పట్నించీ, వెడితే లాంచీ మీదే వెళ్ళాలని పిల్లలందరి పట్టు. బయల్దేరే ముందు రెండు రోజులు వంటిల్లు వదల్లేదు మా ఆడవాళ్ళు. పులిహోర, జంతికలు, కొబ్బరి లౌజు, దబ్బకాయ ఊరగాయ, రాత్రికి పెరుగన్నం మూటలు, మామ్మ మడి నీళ్ళకి మరచెంబు. హోల్డాలు కట్టడానికి దాని మీద ఇద్దరం పిల్లలం ఎక్కి తొక్కాం. తెల్లవారకుండానే బస్సు, బొబ్బర్లంక దగ్గర రేవు దాటి ధవళేశ్వరం, అక్కణ్ణించి జట్కాలో రాజమండ్రి. అప్పటికే నాకు లోకం చివరికొచ్చేసినంత పొంగు. రేవులో నించుని చూస్తే 1900 నాటి హేవలాక్ వంతెన, 1974లో కొత్తగా తెరిచిన రోడ్డు కం రైలు వంతెన, రెండూ గోదారి మీద సాగిపోతున్నాయి.

లాంచీ ఎక్కగానే డీజిలు వాసన, తడి తాళ్ళ వాసన. కింది అంతస్తులో ఇంజను పక్కన వెచ్చగా ఉంటుందని ముసలివాళ్ళు అక్కడే దుప్పట్లు పరిచారు. ముందు భాగాన ఒకతను పొడుగాటి వెదురు గెడ నీళ్ళలో దించి లోతు చూసి కేకేస్తుంటే, సరంగు ఆ కేకని బట్టి ఇసక మేటలు తప్పించుకుంటూ చక్రం తిప్పేవాడు. నేను ఆ గెడ పక్కనే కూచున్నాను. తడిసిన మేర వెదురు నల్లగా మెరిసేది. గెడ మీద రంగుగీతలుండేవి, నీటి గుర్తు ఏ గీత దాటితే ఏ కేక వెయ్యాలో మధ్యాహ్నానికల్లా నాకూ పట్టుబడింది. పట్టిసం కొండ మీది వీరేశ్వరుడికి లాంచీలోంచే దణ్ణాలు పెట్టాం. పోలవరం, దేవీపట్నం దాటేసరికి కొండలు దగ్గరపడసాగాయి. ఆ దేవీపట్నం రేవులో వేడివేడి వేరుశెనక్కాయలు కొనుక్కున్నాం. ఇప్పుడా ఊరు పోలవరం ప్రాజెక్టు ముంపులోకి వెళ్ళిపోయింది, ఊరివాళ్ళు కొత్త కాలనీల్లో ఉంటున్నారు.

నరసాపురం వైపు నించి వచ్చిన ఒక కుటుంబం దగ్గర ట్రాన్సిస్టరుంది. పాపికొండల్లోకి వెళ్ళేసరికి అది గరగరలాడి, చివరికి ఏ స్టేషనూ అందక ఊరుకుంది. రెండువైపులా కొండలు, మధ్యన ఇరుకైపోయిన గోదారి, ధనుర్మాసపు చలిగాలి. అప్పుడు ఆడవాళ్ళు పాటలకి దిగారు. ముందు రామదాసు కీర్తనలు అందరూ కలిసి, తర్వాత ఎవరికొచ్చినవి వాళ్ళు. చిన్నత్తయ్య మొహమాటపడుతూనే సంచిలోంచి నోటుబుక్కు తీసింది. ఒక పాట ఎత్తుకుని చరణంలో గీత దగ్గరికి వచ్చి ఆగింది. ఆ నరసాపురం ఆవిడ, ఒళ్ళో పిల్లని జోకొడుతూనే, తలెత్తకుండా ఆ మాట అందించింది! ఆవిడకి సినిమాకెళ్ళిన ప్రతిసారీ హాలు బయట పాటల పుస్తకం కొనే అలవాటుందట, అన్నీ కంఠతా వచ్చట. ఇక చూడాలి. ఇద్దరూ మోకాళ్ళు ఆనించుకుని కూచుని ఒక్కొక్క పాటే పాడుతూ, గీత వచ్చిన చోటల్లా ఆగి, ఆ మాట రాసుకుంటూ పేరంటపల్లి దాకా వచ్చేశారు. లాంచీ కుదుపుకి అక్షరాలు పైకీ కిందికీ పోయాయి. అత్తయ్య తనకి తోచిన మాట పెట్టుకున్న పాట వచ్చినప్పుడు, ఆవిడ చెప్పిన అసలు మాట విని కాసేపు ఆలోచించి, దాన్ని పైన చిన్నగా రాసింది గానీ తన మాట మాత్రం కొట్టెయ్యలేదు. "రెండూ ఉండనీ అక్కా" అంది. ఆ పుస్తకం ఇప్పటికీ అత్తయ్య దగ్గర ఉంది, ఆ పేజీ నేను మళ్ళీ చూశాను, రెండు మాటలూ బాగానే ఉన్నాయి.

పేరంటపల్లిలో శ్రీరామకృష్ణ మునివాటం చూసి, కొండమీది నించి జారే ఏటినీళ్ళు మరచెంబులో పట్టుకున్నాం. చీకటిపడ్డాక లాంచీ ఒడ్డున కట్టేశారు. మర్నాడు కూనవరం దగ్గర శబరి కలిసే చోట అందరూ పసుపుకుంకాలు వదిలారు. భద్రాచలం వంతెన కనపడగానే లాంచీ అంతా గోవిందనామం.

ముక్కోటి ముందురోజు సాయంత్రం గోదాట్లో తెప్పోత్సవం. హంసవాహనం మీద స్వామి, నాదస్వరం, నీళ్ళ మీద దీపాల వరసలు. మామ్మ ఒడ్డున ఇసకలో కూచుని, నోరు తెరిస్తే ఏం తగ్గిపోతుందో అన్నట్టు ఒక్క మాట మాట్లాడలేదు. మర్నాడు తెల్లారగట్ల ఉత్తరద్వార దర్శనం తోపులాటలో పెదనాన్న ఆవిణ్ణి రెండు చేతులతో కాచుకుంటూ తీసికెళ్ళారు. మెట్లన్నీ తనే ఎక్కింది. లోపల స్వామిని చూసి బయటికొచ్చాక మాత్రం, "ఒరేయ్ అబ్బాయ్, ఆయన చెప్పినట్టే ఉన్నాడ్రా" అంది. ఆయనంటే ఉషశ్రీ గారు.

మరుసటి నవమికి చావిడి ఎప్పట్లాగే నిండిపోయింది. ఈసారి మామ్మ పీట రేడియో పక్కకి జరిగింది. వ్యాఖ్యానంలో మెట్ల మాట రాగానే, "ఇదిగో, ఈ మెట్లకి ఎడంపక్కన బొమ్మలూ పూసలూ అమ్ముతారు, అక్కడే మా చిన్నదానికి గాజులు కొన్నాం" అనేది. గోదారి మాట వస్తే లోతు చూసే గెడ దగ్గర్నించీ మొదలెట్టేది. సీతమ్మ మాటొస్తే, ఏ చీర కట్టారో, ముక్కుపుడక ఏ వైపుందో. ఎదురింటి కాంతమ్మ పిన్ని, "మీరాగండి వదినగారూ, కాస్త విననివ్వండి" అంటే, "వినేదేముందమ్మా, వెళ్ళి చూడాలి గానీ. లాంచీలో ఇంజను పక్కన కూచుంటే చలే తెలీదు" అని పానకం గ్లాసు చేతికిచ్చింది. ఆ ఏడు పిన్ని కూడా ఈనెలు చీరడానికి మా చావిట్లోకి రావడం మొదలుపెట్టింది. మరుసటి ముక్కోటికి మా వీధిలోంచి రెండిళ్ళవాళ్ళు బొబ్బర్లంక బస్సెక్కారు.