దయచేసి కూనల్ని ఎత్తుకుపోకండి

మా మేడమెట్ల కింద, అట్టపెట్టెల మధ్య ఒక వీధిపిల్లి పిల్లల్ని పెట్టింది. నేను పెట్టే అన్నం తింటుంది, చెయ్యి చాపితే మాత్రం బుస్సుమంటుంది. అది తిండికి వెళ్లగానే పక్క ఫ్లాట్ పిల్లలు పరిగెత్తుకొచ్చారు, "ఆంటీ, తల్లి వదిలేసింది, ఇంట్లోకి తెచ్చేద్దాం" అంటూ. వదల్లేదు నాన్నా, ఆకలేసి వెళ్లింది. కూనలు వెచ్చగా, చప్పుడు లేకుండా పడుకున్నాయంటే వాటి కడుపు నిండినట్టే. దూరంగా నిలబడి కొన్ని గంటలు చూడాలి. ఊరికే తొంగిచూస్తుంటే తల్లి చోటు మార్చేస్తుంది. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుందని మన పెద్దవాళ్లు ఊరికే అనలేదు.

తల్లి నిజంగా రాకపోతే? దయచేసి ఆవుపాలు పట్టకండి. విరేచనాలై, ఒంట్లో నీరు పోయి చచ్చిపోవచ్చు. పిల్లికూనల పాలపొడి పెట్ షాపుల్లో దొరుకుతుంది. అంతకన్నా ముందు కూనని వెచ్చబెట్టాలి, చల్లబడిన ఒంట్లో పాలు అరగవు. బోర్లా ఉంచే పట్టాలి, వెల్లకిలా పడుకోబెడితే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పట్టాక తడిదూదితో కింద మెల్లగా తుడవాలి. తల్లి నాకితే తప్ప అంత పసి వయసులో వాటికి మూత్రం కూడా రాదు.

పాలిస్తున్న పిల్లి కూడా మళ్లీ చూలు కట్టగలదు. అందుకే కూనలు పాలు మానగానే, సుమారు 8 వారాలకి, ఈ తల్లికి ఆపరేషన్ చేయించాలి. పిల్లిని పట్టే బోను ఎవరి దగ్గరైనా ఉంటే ఇన్‌బాక్స్‌లో చెప్పండి.