అరుదైన పాటలు ఎట్లా అరుదయ్యాయి?

2025 అక్టోబరు 15న రావు బాలసరస్వతీదేవి గారు 97 ఏళ్ల వయసులో కన్నుమూశారని తెలిసిన రోజు, బీరువా అడుగు నుంచి ఒక సీడీ బయటికి తీశాను. గ్రామఫోన్ రికార్డులు సేకరించే మిత్రుడొకరు చాలా ఏళ్ల కింద కాపీ చేసి ఇచ్చింది. అన్నీ ఆమె పాడినవే, బజార్లో దొరకనివి. దాంతో పాటే మడత పెట్టిన కాగితం. ఆ పాటల మీద అప్పట్లో నేనొక చిన్న పత్రికకు రాసిన సమీక్ష.

చదివితే సిగ్గేసింది. రెండు పేజీల్లో ‘తీయని గొంతు’ నాలుగుసార్లు, ‘తేనె’ మూడుసార్లు. ‘ఆణిముత్యాలు’ సరేసరి. ‘కోలంక రాణి’ అని కూడా మురిపెంగా రాశాను.

ఆ సమీక్ష అచ్చయిన సంతోషంలో సీడీని బోధన్ తీసుకెళ్లి అమ్మకు వినిపించాను. నాన్న నిజాం షుగర్స్‌లో పనిచేసినన్నాళ్లూ మేం శక్కర్‌నగర్ క్వార్టర్లలో ఉన్నాం. చెరుకు సీజన్‌లో ఇంటినిండా మొలాసిస్ వాసన. సైరన్ ప్రకారమే అమ్మ వంట. పెళ్లికి ముందు అమ్మ బాగా పాడేదని అమ్మమ్మ చెప్పేది. క్వార్టర్ల గోడలు పలచన. “పక్కింటోళ్లు వింటరు” అని నాన్న ఒక్కసారే అన్నాడట. గట్టిగా కూడా అనలేదట.

అమ్మ పాటలన్నీ శ్రద్ధగా విన్నది. విని, “మంచిగ పాడింది. మరి సినిమాలల్ల పాడుడు ఎందుకు బంద్ జేసిందట?” అనడిగింది.

“పెళ్లయింది గదమ్మా, రాజావారితోని” అన్నాను.

“అట్లనా” అని లేచి బియ్యం ఏరుకోవడానికి పోయింది.

సమీక్ష రాసిన దాన్ని నేను. ఆ ప్రశ్న నాకు తట్టనే లేదు. అడిగితే, అదేదో వానాకాలం తర్వాత చలికాలం వచ్చినంత సహజంగా ‘పెళ్లయింది గదా’ అనేశాను.

బాలసరస్వతి గారు చిన్నప్పుడే గ్రామఫోన్‌కు పాడారు. 1943లో ‘భాగ్యలక్ష్మి’లో కమలా కోట్నీస్‌కు పాడి తెలుగులో తొలి నేపథ్య గాయని అనిపించుకున్నారు. 1944లో కోలంక రాజాతో పెళ్లి. ఆ తర్వాతా పాడారు, ‘దేవదాసు’ (1953) దాకా వచ్చారు. క్రమంగా సినిమాకు దూరమయ్యారు. నిజానికి ‘పెళ్లయింది గదా’ అన్న నా జవాబు లెక్కకు కూడా నిలవదు. పెళ్లికీ దూరం కావడానికీ మధ్య ఏళ్లు నడిచాయి. ఆ ఏళ్లలో ఏం జరిగిందన్నదే అసలు సంగతి. దాన్ని దాటేసి మనం గొంతు తీపి గురించి రాస్తాం.

లక్క రికార్డు చేయి జారితే పగిలేది. ఒక్కో వైపు మూడు నిమిషాల పాట. రేడియోలో ఆ రోజుల్లో చాలావరకు అప్పటికప్పుడు పాడేవారు, పాట గాలిలోనే పోయేది. పాటలు అరుదవడానికి ఇవీ కారణాలే. కానీ రికార్డు పగిలితే పాత పాట పోతుంది. మనిషి మానేస్తే రావలసిన పాటలే రావు. ఏ సేకర్తా వాటిని వెతికి తేలేడు.

2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడింది. ఆ సైరన్ లేదు. అమ్మను ఈమధ్య పాడమన్నాను. ఒక పల్లవి పాడి, చరణం గుర్తురాక ఆగింది. ఆమె పాటలను అరుదైనవని కూడా అనలేం. ఎక్కడా ఒక్క ముక్క రికార్డు కాలేదు.

ఆ సమీక్ష మళ్లీ రాస్తున్నాను. ఈసారి మొదటి వాక్యం అమ్మ ప్రశ్నే.